కాదనగలిగినవాడి ధర
(బేస్‌బాల్ ఫ్రీ ఏజెన్సీ గురించి న్యూజెర్సీలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ హాల్లో కూర్చున్నవారిలో సగంమంది యాంకీస్ అభిమానులు, మిగిలిన సగంమంది మెట్స్ అభిమానులు అయి ఉంటారని నాకు తెలుసు. అందుకే రెండు పక్షాలకూ బాగా గుర్తున్న ఒక సంగతితో మొదలుపెడతాను. 2024 డిసెంబరులో హువాన్ సోటో అనే 26 ఏళ్ల ఆటగాడు న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అంతకుముందు ఏడాది అతను ఆడిన యాంకీస్ 16 ఏళ్లకు 76 కోట్లు ఇస్తామన్నారని వార్తలొచ్చాయి. ఆ వారమంతా మా వీధిలో కనబడిన ప్రతివారూ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఒక్క మనిషికి అంత డబ్బు ఏమిటండీ?"

ఆ ప్రశ్నకు నేను మరో ప్రశ్నతో జవాబు చెప్పేవాణ్ణి. 2022లో ఇదే సోటోకు అప్పటి అతని జట్టు వాషింగ్టన్ నేషనల్స్ 15 ఏళ్లకు 44 కోట్లు ఇస్తామంది. అతను వద్దన్నాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. ఆటగాడి శరీరం కరిగిపోయే సరుకు కాబట్టి, రెండేళ్లు గడిచాక అతని దగ్గర మిగిలిన మంచి సీజన్లు రెండు తగ్గాలి, ధర కూడా తగ్గాలి. కానీ తగ్గాల్సింది పోయి 32.5 కోట్లు పెరిగింది. ఆట మెరుగైన మాట నిజమే గాని, ఇంత తేడా దానివల్ల రాదు. 2022లో అతన్ని అడిగే హక్కు ఒక్క జట్టుకే ఉంది. 2024లో డబ్బున్న ప్రతి జట్టుకూ ఆ హక్కు వచ్చింది, ఏ జట్టునైనా కాదనే హక్కు అతనికి వచ్చింది. దీన్నే ఫ్రీ ఏజెన్సీ అంటారు. ఆటగాడి విలువ ఎప్పుడూ ఉండేదే అయినా, అది ధరగా బయటపడి అతని చేతికి అందాలంటే అవతల కనీసం ఇద్దరు పోటీపడాలి, ఇవతల ఇతనికి కాదనే వీలుండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఏమవుతుందో బేస్‌బాల్ చరిత్ర నూరేళ్లపాటు చూపించింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

1879లో నేషనల్ లీగ్ యజమానులు ఒక రహస్య అంగీకారానికి వచ్చారు. ఒక్కో జట్టు అయిదుగురు ఆటగాళ్లను తనకోసం అట్టిపెట్టుకోవచ్చు, వాళ్లను మిగతా జట్లు ముట్టుకోకూడదు అన్నది దాని సారాంశం. పోనుపోను ఆ అయిదుగురు కాస్తా జట్టు మొత్తం అయ్యారు. ఒప్పందంలో రిజర్వ్ క్లాజు అనే నిబంధన చేరింది. ఆటగాడు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే పాత ఒప్పందాన్నే మరో ఏడాదికి పొడిగించుకునే అధికారం జట్టుకు ఉంటుందని అందులో రాశారు. పొడిగించిన ఒప్పందంలోనూ అదే నిబంధన ఉంటుంది కాబట్టి మళ్లీ పొడిగించవచ్చు, ఆపై ఏడాది మళ్లీ పొడిగించవచ్చు అని యజమానులు దానికి అర్థం చెప్పుకున్నారు. ఏడాది కౌలుకని రాయించుకుని తరతరాలుగా పొలాన్ని వదలని ఆసామిని మన ఊళ్లలో చూసినవాళ్లకు ఈ తర్కం కొత్తగా అనిపించదు. ఇక్కడ కౌలుకు పోయింది మాత్రం మనిషి. ఇష్టం లేకపోతే ఆట మానుకుని ఇంటికి పోవచ్చు. ఆ ఒక్క స్వేచ్ఛ మాత్రం ఉండేది.

అప్పుడు కూడా ధరలు ఉండేవని మరిచిపోకూడదు. 1919 చివర బోస్టన్ రెడ్ సాక్స్ యజమాని బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మాడు. ఆ రోజుల్లో లక్ష డాలర్లంటే ఊహకందని మొత్తం. రూత్ ఎంత గొప్పవాడో కొన్నవాడికీ తెలుసు, అమ్మినవాడికీ తెలుసు. ధర ఉంది, బేరం ఉంది. కాని ఆ లక్ష వెళ్లింది అమ్మిన యజమాని జేబులోకి. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కాదని, కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని తీర్పు చెప్పింది. రైలెక్కి రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరుగుతూ టికెట్లు అమ్ముకుని ఆడే ఆటను వాణిజ్యం కాదనడం ఎలా సాధ్యమైందో, ఆ తీర్పు ఎన్నిసార్లు చదివినా నాకు అంతుపట్టలేదు.

ఈ గోడను ఢీకొన్న ఒక మనిషి పేరు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 12 సీజన్లు సెంటర్ ఫీల్డ్‌లో ఆడాడు. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ వరసగా ఏడుసార్లు గెలిచాడు. 1969లో ఆయన జీతం 90 వేల డాలర్లు. ఆ అక్టోబరులో, మాటవరసకైనా అడగకుండా, జట్టు ఆయన్ను ఫిలడెల్ఫియాకు మార్చేసింది. డిసెంబరు 24న ఆయన బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కూన్‌కు ఒక ఉత్తరం రాశాడు. పన్నెండేళ్లు ఆడిన తరువాత, తన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా కొనుక్కుని అమ్ముకునే ఆస్తిగా తనను తాను భావించుకోవడం లేదని, ఇతర జట్లు ఇచ్చే అవకాశాలను చూసుకునే హక్కు తనకుందని అందులో చెప్పాడు. కమిషనర్ కుదరదన్నాడు. ఫ్లడ్ కోర్టుకు వెళ్లాడు. 1970 సీజన్ మొత్తం వదులుకున్నాడు.

ఆ విచారణలో ఒక దృశ్యం నన్ను చాలా ఏళ్లుగా వెంటాడుతోంది. ఫ్లడ్ పక్షాన సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్ వచ్చాడు, హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. ఇద్దరూ ఎప్పుడో ఆట మానుకున్నవాళ్లు. అప్పటికి మైదానంలో ఆడుతున్న ఆటగాడు ఒక్కడు కూడా సాక్ష్యానికి రాలేదు. ఎవరి భయం వాళ్లది, వాళ్లను తప్పుపట్టే అర్హత మనకు లేదు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 1922 నాటి మినహాయింపు అసంగతమేనని ఒప్పుకుంటూనే, దాన్ని మార్చాల్సింది అమెరికా చట్టసభ కాంగ్రెస్ అని వదిలేసింది. ఆ తీర్పు మొదట్లో న్యాయమూర్తి బ్లాక్‌మన్ 80 మందికి పైగా పాత ఆటగాళ్ల పేర్లను ప్రేమగా ఏకరువు పెట్టాడు. ఆటంటే అంత మమకారం ఉన్న చెయ్యే ఆటగాడికి తలుపు మూసింది. 1971లో ఫ్లడ్ వాషింగ్టన్ తరఫున 13 ఆటలు ఆడి తప్పుకున్నాడు. తరువాత లక్షలు, కోట్లు సంపాదించినవాళ్లెవరి డబ్బులోనూ ఆయనకు పైసా రాలేదు.

కోర్టులో మూసుకున్న తలుపు మధ్యవర్తి ముందు తెరుచుకుంది. ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసిన మార్విన్ మిల్లర్ 1966లో ఆటగాళ్ల సంఘం బాధ్యత తీసుకున్నాడు. జీతం పెంచమని అడగడంతోనే ఆగకుండా, తగాదా వస్తే కమిషనర్ కాకుండా బయటి మధ్యవర్తి తీర్చాలనే నిబంధనను ఒప్పందంలో పెట్టించాడు. ఇంతకన్నా ముందుచూపున్న పని ఈ చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం.

దాని మొదటి ఫలితం 1974లో కనిపించింది. ఓక్లాండ్ పిచ్చర్ (బంతి వేసే ఆటగాడు) క్యాట్‌ఫిష్ హంటర్ జీతం లక్ష డాలర్లు. అందులో సగం ఒక బీమా యాన్యుటీలో, అంటే ముందు ముందు ఆదాయం ఇచ్చే పథకంలో, వేయాలని ఒప్పందం. యజమాని చార్లీ ఫిన్లీ వేయలేదు. ఒప్పందం తప్పింది జట్టే కాబట్టి ఆటగాడికి విముక్తి దొరికిందని మధ్యవర్తి పీటర్ సైట్జ్ తేల్చాడు. అప్పుడు నార్త్ కరోలినాలో అహోస్కీ అనే చిన్న ఊళ్లో, హంటర్ లాయరు ఆఫీసు ముందు, ఆ ఊరు ఎన్నడూ చూడని సందడి మొదలైంది. దేశం నలుమూలల నుంచి జట్ల యజమానులు, మేనేజర్లు విమానాలు వేసుకుని దిగారు. గదిలోకి ఒక బృందం వెళ్తుంటే మరో బృందం బయట కాచుకుని ఉండేది. ఆ ఏడాది 25 ఆటలు గెలిచి ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు తెచ్చుకున్న పిచ్చర్, లక్ష డాలర్ల మనిషి, డిసెంబరు 31న యాంకీస్‌తో అయిదేళ్లకు 30 లక్షల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం మీద సంతకం చేశాడు. అతనికి అంతకన్నా ఎక్కువ ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. కుర్రవాడుగా ఉన్నప్పుడు తనను ఫిన్లీ జట్టుకు ఎంపిక చేసిన క్లైడ్ క్లట్జ్ అనే పెద్దమనిషి ఇప్పుడు యాంకీస్‌లో ఉన్నాడు. ఆయన మీది నమ్మకంతో హంటర్ అటు మొగ్గాడు. డబ్బు ఒక్కటే చూసుకోకుండా మనుషుల్ని కూడా చూసుకునే వెసులుబాటు, స్వేచ్ఛ వచ్చిన తొలిరోజే కనిపించింది.

నవంబరులోనూ డిసెంబరులోనూ అతను అదే మనిషి, అదే చెయ్యి, అదే విసురు. మధ్యలో జరిగింది ఒక్క మధ్యవర్తి తీర్పు.

మరుసటి ఏడాది 1975 డిసెంబరు 23న, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల వివాదంలో అదే సైట్జ్ రిజర్వ్ క్లాజును అక్షరాలా చదివాడు. ఏడాది పొడిగింపు అని రాశారు కాబట్టి ఏడాదే పొడిగింపు, సంతకం లేకుండా ఆ ఏడాది ఆడేస్తే ఆ తరువాత మనిషి స్వతంత్రుడు అన్నాడు. యజమానులు ఆయన్ను వెంటనే మధ్యవర్తి పదవి నుంచి తీసేశారు, కోర్టుకు వెళ్లి ఓడిపోయారు.

ఇక్కడ మిల్లర్ చేసిన ఒక పని ఆర్థికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ పాఠంగా చెప్పదగింది. సైట్జ్ తీర్పు ప్రకారం ఏడాది తిరిగేసరికి దాదాపు అందరు ఆటగాళ్లూ స్వతంత్రులు కావచ్చు. ఫిన్లీ ఒక్కడే యజమానుల్లో దీన్ని పసిగట్టి, అందర్నీ ఏటా వదిలేద్దాం అని అరిచాడు. మిగతావాళ్లు వినలేదు. ఊళ్లో తోటలన్నిటి మామిడికాయలూ ఒక్కరోజే బజారుకు వస్తే బుట్ట ఎంతకు పోతుందో మనకు తెలియంది కాదు. మిల్లర్ భయపడింది సరిగ్గా దానికే. 1976 ఒప్పందంలో, ఆరేళ్ల సర్వీసు నిండినవాళ్లకే ఫ్రీ ఏజెన్సీ అన్న షరతుకు ఆయన ఒప్పుకున్నాడు. బయటివాళ్లకు అది రాజీలాగా కనిపించింది. ఏటా కొద్దిమందే బజారుకు వస్తారు, కొనేవాళ్లు మాత్రం అందరూ ఉంటారు అన్నది ఆయన లెక్క. 1976లో సుమారు 51,500 డాలర్లున్న సగటు జీతం 1980 నాటికి 1,43,000 దాటింది.

ఇక వేలంపాట సంగతికి వద్దాం. నా చిన్నప్పుడు మా ఊరి చెరువు చేపల పాట పంచాయతీ ఆఫీసు అరుగు మీద జరిగేది. ముందురోజు దండోరా వేసేవాళ్లు. పాడేవాళ్లంతా చెరువు గట్టు మీద నడిచి, నీళ్లలో కదలికలు చూసి, చేపలు ఎన్ని పుట్లు పడతాయో ఎవరి అంచనా వాళ్లు వేసుకునేవాళ్లు. ఒక ఏడు మా మేనమామ హెచ్చు పాట పాడాడు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అన్నారు, చెరువు ఆయనదైంది. భుజాలు తట్టారు, టీలు తాగారు. ఇంటికి వచ్చాక మా తాతయ్య అడిగిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "పాత పాటదారు ఎంతదాకా పాడాడురా?" అన్నాడు. "ముందే తప్పుకున్నాడు నాన్నా" అన్నాడు మామయ్య. తాతయ్య మరి మాట్లాడలేదు. ఎండాకాలం నీళ్లు తీసి వలలు వేశాక, పాట డబ్బులో సగం కూడా రాలేదు.

బేస్‌బాల్ వేలంలో ఉన్న రెండు ప్రమాదాలూ ఆ అరుగు మీదే ఉన్నాయి. మొదటిది గెలిచినవాడి నష్టం. ఒక ఆటగాడి అసలు విలువ 20 కోట్లు అనుకుందాం. అయిదు జట్లు 15, 16, 20, 23, 26 కోట్లని అంచనా కట్టాయనుకుందాం. అందరి సగటు సరిగ్గా 20. ఎవరూ మూర్ఖులు కారు. కాని ఆటగాణ్ణి గెలుచుకునేది సగటు అంచనా వేసినవాడు కాదు, అందరికన్నా ఎక్కువ పొరబడినవాడు. మెక్సికో సింధుశాఖలో చమురు బ్లాకులు పాడుకున్న కంపెనీలు ఇలాగే నష్టపోతున్నాయని 1971లో ముగ్గురు ఇంజినీర్లు రాశారు. తరువాత ఆర్థికవేత్తలు అదే చూపుతో బేస్‌బాల్‌ను పరిశీలించారు. పాడినవాడు గెలిచే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, "నాకు తెలిసింది మిగతావాళ్లకు తెలియదా, లేక వాళ్లకు తెలిసింది నాకు తెలియదా" అన్నది.

రెండోది పాత పాటదారు సంగతి. ఆటగాడి మోకాలు, భుజం, అలవాట్లు అన్నిటికన్నా ఎక్కువ తెలిసింది పాత జట్టుకే. ఆ జట్టు ఒక హద్దు దగ్గర ఆగిందంటే ఆ ఆగడంలో సమాచారం ఉంది. ఆల్బర్ట్ పుహోల్స్ సెయింట్ లూయిస్‌లో 11 సీజన్లు ఆడాడు, 445 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్లలాంటివి) కొట్టాడు, మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు, అయ్యాడు, 2011లో జట్టుకు ఛాంపియన్‌షిప్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిపించాడు. ఊరంతా దేవుడిలా కొలిచే అలాంటి మనిషి విషయంలో కూడా కార్డినల్స్ ఒక అంకె దగ్గర ఆగిపోయారు. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ పదేళ్లకు 24 కోట్లు ఇచ్చి తీసుకెళ్లారు. అప్పటికి అతనికి 32 ఏళ్లు నిండబోతున్నాయి. ఏంజెల్స్ తరఫున అతను ఒక్కసారి మాత్రమే ఆల్ స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్లలో ఒకడు) అయ్యాడు. ఒప్పందం ముగియకముందే 2021 మే నెలలో జట్టు అతన్ని వదిలేసింది. 2022లో చివరి సీజన్‌కు మళ్లీ సెయింట్ లూయిస్ చేరి 700వ హోమ్ రన్ ఆ జట్టు తరఫునే కొట్టాడు. అతను ఏ తప్పూ చేయలేదు, వచ్చిన పాటకు ఒప్పుకున్నాడు. పొరపాటు చెరువు గట్టు మీద నిలబడి లెక్కవేసినవాళ్లది.

మరి అంచనా ఎలా వేస్తారు? దానికి ఇప్పుడు అందరూ వాడే కొలత వార్ (WAR). మైనర్ లీగ్ నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు కనీస జీతానికి దొరికే ఆటగాడికి బదులు ఇతన్ని పెట్టుకుంటే జట్టుకు ఎన్ని గెలుపులు ఎక్కువ వస్తాయి అన్నదే ఆ కొలత. అలాంటి దొరుకుడు ఆటగాళ్లతోనే జట్టు నింపితే 162 ఆటల్లో సుమారు 48 గెలుస్తుందని లెక్క. ఫ్రీ ఏజెన్సీ బజారులో ఒక గెలుపు వెల ఇటీవలి ఏళ్లలో 80, 90 లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉందని విశ్లేషకుల అంచనా. 2024లో సోటో వార్ సుమారు 8. గుణించి చూస్తే ఏడాదికి 5.1 కోట్ల జీతం ఆ ఒక్క సీజన్‌కు తక్కువే. అయితే మెట్స్ కొన్నది ఒక్క సీజన్ కాదు, అతనికి 40 ఏళ్లు వచ్చేదాకా కొన్నారు. పైగా జీతాల పద్దు అత్యున్నత హద్దు దాటిన జట్టు, వరసగా దాటుతున్న జట్టు కాబట్టి ఆ హద్దుపైన పెట్టే ప్రతి డాలరుకూ మరో 1.10 డాలర్ల లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. ఆ ఏళ్లలో యజమాని స్టీవ్ కోహెన్ జేబు నుంచి పోయేది జీతానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

అన్ని గెలుపులూ ఒకే వెల చేయవు. అట్టడుగు జట్టుకు 65 గెలుపులు 70 అయితే ఒరిగేదేమీ లేదు. 2000 డిసెంబరులో టెక్సస్ రేంజర్స్ అలెక్స్ రోడ్రిగెజ్‌కు పదేళ్లకు 25.2 కోట్లు ఇచ్చారు. రెండేళ్ల ముందు యజమాని టామ్ హిక్స్ జట్టు మొత్తాన్ని కొన్నది 25 కోట్లకు. రోడ్రిగెజ్ మూడు సీజన్లలో 52, 57, 47 హోమ్ రన్లు కొట్టాడు, 2003లో ఎంవీపీ అయ్యాడు. ఒక ఆటగాడి నుంచి ఇంతకన్నా ఏం అడుగుతాం? ఆ మూడేళ్లూ జట్టు తన డివిజన్‌లో ఆఖరి స్థానంలో ఉంది, 2004లో అతన్ని యాంకీస్‌కు ఇచ్చేసింది. ఇంటికి స్తంభం ఎంత బలమైనదైనా మిగతా దూలాలు లేకపోతే కప్పు నిలవదు.

దీనికి రెండో వైపు 2025 సెప్టెంబరు 28. ఈ హాల్లో మెట్స్ అభిమానులకు ఆ తేదీ గుర్తుచేస్తున్నందుకు క్షమించాలి. సోటో ఆ ఏడు 43 హోమ్ రన్లు కొట్టాడు, 38 బేసులు దొంగిలించాడు, అంటే బంతి కొట్టకుండానే పరుగెత్తి తరువాతి మజిలీకి చేరాడు. ఆఖరి రోజు మయామీలో 4-0తో ఓడాక మెట్స్ గెలుపులు 83, సిన్సినాటి గెలుపులు 83. ముఖాముఖి పోరులో పైచేయి సిన్సినాటిది కాబట్టి ప్లేఆఫ్స్‌కు అది వెళ్లింది. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నా కొడుకు, "ఇంకొక్కటి నాన్నా, ఏప్రిల్లోనో మేలోనో ఇంకొక్కటి గెలిచి ఉంటే" అన్నాడు. 84వ గెలుపు విలువ ఎంతో ఏ పట్టికా అంత స్పష్టంగా నాకు చెప్పలేదు.

గెలుపుల లెక్కకు అందని విలువ కూడా ఒకటుంది, దానికి పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీని మించిన ఉదాహరణ లేదు. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అతనికి పదేళ్లకు 70 కోట్లు ఇచ్చారు. అప్పటికి మోచేతి శస్త్రచికిత్స జరిగి మూడు నెలలు కాలేదు, 2024 మొత్తం పిచింగ్ చేయలేడని అందరికీ తెలుసు. ఆ ఏడాది బ్యాటుతోనే 54 హోమ్ రన్లు, 59 దొంగిలించిన బేసులతో చరిత్రలో మొదటి 50-50 ఆటగాడయ్యాడు. అయితే డాడ్జర్స్ కొన్నది ఆ అంకెలనే కాదు. తెల్లవారుజామున లేచి అతని ఆట చూసే జపాన్ దేశాన్ని, వాళ్ల స్టేడియంలో బోర్డు పెట్టడానికి వచ్చే జపాన్ కంపెనీలను కూడా కొన్నారు. ఒకే ఆటగాడు పిట్స్‌బర్గ్‌లో, లాస్ ఏంజెలెస్‌లో వేర్వేరు వెలలు పలకడం ఇందుకే.

ఆ 70 కోట్లలో 68 కోట్లు ఇప్పుడు ఇవ్వరు. పదేళ్లూ ఏడాదికి 20 లక్షలు ఇచ్చి, మిగతాది 2034 నుంచి 2043 దాకా, వడ్డీ లేకుండా ఇస్తారు. చీటీ పాట తెలిసిన మనవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. అవసరమున్నవాడు తొలి నెలల్లో తగ్గించుకుని పాడుకుంటాడు, ఆఖరి చీటీ తీసుకునేవాడికి నిండు మొత్తం వస్తుంది. నిండుగా వచ్చినా అప్పటి రూపాయి ఇప్పటి రూపాయి కాదు. లీగ్ కూడా అలాగే లెక్కగట్టి, లగ్జరీ ట్యాక్స్ పద్దులో అతని జీతాన్ని ఏడాదికి 7 కోట్లుగా కాక సుమారు 4.6 కోట్లుగా రాసుకుంది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే అంకెను చూసినప్పుడు అది ఎప్పుడు చేతికి వస్తుందో కూడా అడగడం అలవాటు చేసుకోవాలి.

ఇంతవరకూ పాడేవాళ్లు నిజంగా పోటీపడ్డ కథలు చెప్పాను. పాడేవాళ్లంతా సిండికేట్ అయితే ఏమవుతుందో చెప్పకపోతే నా మాట అసంపూర్ణం. 1985 నుంచి మూడు శీతాకాలాలు బేస్‌బాల్ యజమానులు ఒకరి ఆటగాళ్ల జోలికి మరొకరు వెళ్లకుండా కట్టు కట్టారు. పెద్ద పేరున్న ఆటగాళ్లు ఫ్రీ ఏజెంట్లుగా బయటికి వచ్చి, ఫోను మోగక, తలవంచుకుని పాత జట్టుకే వెళ్లారు. మాంట్రియల్‌లో పదేళ్లు ఆడిన ఆండ్రే డాసన్ మోకాళ్లు అక్కడి కృత్రిమ పచ్చిక మీద అరిగిపోయాయి. షికాగో కబ్స్ మైదానంలో నిజమైన గడ్డి ఉంది కాబట్టి అక్కడ ఆడాలని కోరుకున్నాడు. 1987 మార్చిలో, సీజన్ మొదలయ్యే ముందు, ఏజెంటుతో కలిసి అరిజోనాలో కబ్స్ శిబిరానికి వెళ్లి, జీతం గడి ఖాళీగా వదిలిన ఒప్పందం మీద తన సంతకం పెట్టి ఇచ్చాడు. అంకె మీరే వేసుకోండి అన్నాడు. అంతకుముందు ఏడు పది లక్షల డాలర్లకు పైగా సంపాదించిన మనిషికి కబ్స్ వేసిన అంకె 5 లక్షలు, ఆపైన కొన్ని ప్రోత్సాహకాలు.

ఆ ఏడాది డాసన్ 49 హోమ్ రన్లు కొట్టాడు, 137 పరుగులు తెచ్చాడు. జట్టు డివిజన్‌లో ఆఖరిదైనా నేషనల్ లీగ్ ఎంవీపీ అతనే. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడని ఓటేసి తేల్చిన మనిషి ధర 5 లక్షలు. స్వేచ్ఛ కాగితం మీద ఉంది, అవతల పాడేవాడు లేడు. మధ్యవర్తులు మూడు కేసుల్లోనూ యజమానులదే తప్పని తేల్చారు. 1990లో వాళ్లు 28 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఖాళీ గడితో ఆ కాగితం చేతికిచ్చిన క్షణంలో డాసన్ మనసులో ఏముందో మాత్రం ఆ డబ్బు కొలవలేదు.

మీలో చాలామంది ఐపీఎల్ వేలం చూస్తారు కాబట్టి ఒక తేడా చెప్పి ముందుకు వెళ్తాను. 2024 నవంబరులో జెద్దాలో రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు, సుత్తి పడ్డ తరువాత ఆ జట్టుకు వెళ్లను అనే అవకాశం పంత్‌కు లేదు. ఒక్కో జట్టు సంచీలో 120 కోట్లకు మించి ఉండకూడదన్న హద్దు కూడా ముందే గీసి ఉంది. బేస్‌బాల్‌లో సుత్తి ఆటగాడి చేతిలో ఉంటుంది. ఆరన్ జడ్జ్ 2022 ఏప్రిల్‌లో యాంకీస్ ఇస్తామన్న 21.35 కోట్లను కాదన్నాడు. ఆ ఏడు 62 హోమ్ రన్లు కొట్టి రోజర్ మారిస్ 61 ఏళ్ల నాటి అమెరికన్ లీగ్ రికార్డును బద్దలు చేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో కూడా పాటలో ఉండగా, తొమ్మిదేళ్లకు 36 కోట్లకు అదే యాంకీస్‌లో ఉండిపోయాడు. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఇప్పటి ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. బేస్‌బాల్‌లోనూ జీతాలకు కఠినమైన హద్దు గీయాలన్న మాట యజమానుల వైపు నుంచి గట్టిగా వినబడుతోంది. హద్దు గీస్తే మిగిలే డబ్బు టికెట్ ధర తగ్గించి మనకు ఇస్తారని నేను అనుకోను. ఆదాయం ఎలాగూ వస్తుంది, ఎవరికి చేరాలన్నదే తగాదా. అందులో నేను ఆటగాడి వైపు ఉన్నాను, ఆ సంగతి దాచుకోను.

చివరిగా ఇంకా పాటకు రాని ఒక ఆటగాడి గురించి చెప్తాను. పాల్ స్కీన్స్ 2024 మే నెలలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున మొదటిసారి మేజర్ లీగ్‌లో బంతి వేశాడు. ఆ ఏడు కొత్త ఆటగాళ్లలో ఉత్తముడిగా రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. 2025లో అతని ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, 1.97 మాత్రమే. జట్టు పరుగులు చేయలేకపోవడంవల్ల అతని ఖాతాలో గెలుపులు 10, ఓటములు 10. అయినా సై యంగ్ అవార్డుకు ఓటర్లందరూ మొదటి స్థానంలో అతని పేరే రాశారు. ఆ సీజన్‌కు అతని జీతం 8.75 లక్షల డాలర్లు. కొత్త ఆటగాళ్లకోసం పెట్టిన బోనస్ నిధి నుంచి వచ్చేది అదనం. అదే ఏడాది సోటో జీతం లెక్క 5.1 కోట్లు. స్కీన్స్ వేసే ప్రతి బంతీ ఇరవై తొమ్మిది జట్ల కళ్లు చూస్తున్నాయి, అతని విలువ ఎంతో ప్రతి జట్టు ఆఫీసులోనూ లెక్కకట్టి ఉంటారు. ఆరేళ్ల సర్వీసు నిండేది 2029 సీజన్ ముగిశాకే. అప్పటికి అతనికి 27 ఏళ్లు.